వీడియో ఆపి, తెల్ల కాగితం తీయండి

ప్రశ్న: నా వయసు 42. ఖమ్మంలో ఉంటాం. 2005లో బీకాం పాసయ్యాను. పెళ్లి, పిల్లలతో ఉద్యోగం ఆలోచనే చేయలేదు. ఇప్పుడు తెలిసిన ఆడిటర్ గారు వాళ్ల ఆఫీసులో అకౌంట్స్ అసిస్టెంట్‌గా రమ్మంటున్నారు. అందుకని యూట్యూబ్‌లో ట్యాలీ (అకౌంట్స్ సాఫ్ట్‌వేర్), జీఎస్టీ వీడియోలు చూస్తున్నాను. చూసినంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది, మర్నాటికి ఏమీ గుర్తుండదు. ఇంటర్ ఎంఈసీ చదివే మా అమ్మాయిదీ ఇదే గోల. గంటలు గంటలు చదువుతుంది, టెస్టులో మార్కులు రావు. ఈ వయసులో నాకు చదువు బుర్రకెక్కుతుందా? ఎంకాం చేస్తే ఏమైనా ఉపయోగమా?

జవాబు: ముందు ఎంకాం సంగతి తేల్చేద్దాం. ఇప్పుడు వద్దు. ఒక కొనుగోలు బిల్లు చేతికిస్తే ఎంట్రీ వేయగలరా లేదా అన్నదే ఆడిటర్ ఆఫీసులో చూస్తారు. ఆ పని చేతికొచ్చాక కూడా చదవాలనిపిస్తే అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఎక్కడికీ పోదు.

వయసు విషయానికొస్తే, కాలేజీ పిల్లలంత వేగంగా మనం కొత్త సంగతులు పట్టుకోలేం, నిజమే. కానీ మీ ఇబ్బందే మీ అమ్మాయికీ ఉందని మీరే రాశారు. అలాంటప్పుడు తప్పు వయసుది ఎలా అవుతుంది? మీరిద్దరూ చదివే పద్ధతిలోనే లోపం ఉంది.

ఇన్నేళ్లు ఇంట్లో ఉండి వెనకబడిపోయాననే దిగులు కూడా కొంత తగ్గించుకోవచ్చు. మీరు డిగ్రీ పూర్తి చేసిన 2005లోనే, ఏప్రిల్ 1 నుంచి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో వ్యాట్ (విలువ ఆధారిత అమ్మకం పన్ను) వచ్చింది. దాన్ని నేర్చుకుని అలవాటుపడిన అకౌంటెంట్లు 2017 జూలై 1న జీఎస్టీతో మళ్లీ మొదటికొచ్చారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీలో దాదాపు అన్ని వస్తువులకూ 12, 28 శాతం శ్లాబులు తీసేశారు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో కొత్త చట్టానికి 2026 ఏప్రిల్ 1 తేదీ పెట్టారు. ఈ ఇరవై ఏళ్లూ సీటు వదలకుండా పనిచేసిన వాళ్లు కూడా కొత్త పాఠాలు చదువుకుంటూనే ఉన్నారు. మారనిది డెబిట్, క్రెడిట్. అది మీకు బీకాంలోనే వచ్చు. కాస్త దుమ్ము దులపాలంతే.

ఇక అసలు విషయం. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు రోడిగర్, కార్పికే 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థులకు రెండు చిన్న వ్యాసాలు ఇచ్చి చదివించారు. తర్వాత వాళ్లు ఒకదాన్ని మళ్లీ చదివారు. రెండోదాన్ని మళ్లీ చూడకుండా, గుర్తున్నంత కాగితం మీద రాశారు. కొందరికి ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినదానిదే పైచేయి: 81 శాతం గుర్తుంది, రాసినదానిలో 75. మరికొందరికి అదే పరీక్ష వారం తర్వాత పెడితే లెక్క తారుమారైంది. మళ్లీ చదివినదానిలో 42 శాతం, రాసినదానిలో 56.

ఆ ఐదు నిమిషాల ఫలితమే మనల్ని మోసం చేస్తుంది. వీడియో అయిపోగానే అంతా వచ్చేసినట్టుంటుంది, ఇంకో వీడియో పెడతాం. మీ అమ్మాయి పుస్తకం ఒకసారి తెప్పించి చూడండి, పేజీ పేజీకీ పసుపు హైలైటర్ గీతలుంటాయని నా అనుమానం. గీత గీసిన వాక్యం మళ్లీ కనపడితే తెలిసినట్టే ఉంటుంది. ప్రశ్నపత్రంలో ఆ గీతలుండవు కదా!

మన పాతకాలం మాస్టార్లు పుస్తకం మూయించి పాఠం అప్పజెప్పించుకునేవారు. అందులో మంచి ఏమిటంటే, వచ్చిందీ రానిదీ అక్కడికక్కడే తేలిపోయేది. చెడు ఏమిటంటే, అక్షరం పొల్లు పోకుండా చెప్పాలి, అర్థమైందా అని ఎవరూ అడిగేవారు కాదు. మంచి సగం తీసుకోండి. పుస్తకం మూసి, మీ సొంత మాటల్లో మీకు మీరే చెప్పుకోండి. బట్టీతో జీఎస్టీ రాదు.

ట్యాలీ దగ్గర ఇది ఎలా చేయాలో చెబుతాను. ట్యాలీప్రైమ్‌ను ఎడ్యుకేషనల్ మోడ్‌లో డబ్బు కట్టకుండానే వాడుకోవచ్చు. అందులో నెలలో 1, 2, 31 తేదీలతోనే ఎంట్రీలు పడతాయి, నేర్చుకోవడానికి అది చాలు. కొనుగోలు ఎంట్రీ వీడియో ఒక్కసారి చూసి ఆపేయండి. ఒక కాగితం మీద ఇలా రాసుకోండి: ఖమ్మం షాపు వరంగల్ నుంచి 10,000 రూపాయల సరుకు కొంది, పన్ను 18 శాతం. అదే సరుకు విజయవాడ నుంచి కొంటే? వీడియో వైపు చూడకుండా, కొనుగోలు ఎంట్రీకి వాడే ఎఫ్9 నొక్కి రెండు ఎంట్రీలూ వేయండి. వరంగల్ బిల్లుకు సీజీఎస్టీ (కేంద్రం వాటా) 900, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 900 రావాలి. విజయవాడ ఇప్పుడు వేరే రాష్ట్రం కాబట్టి రాష్ట్రాల మధ్య కొనుగోళ్లకు పడే ఐజీఎస్టీ 1,800. మొదటిసారి ఎక్కడో ఆగిపోతారు, లెడ్జర్ (ఖాతా) ఏ గ్రూపు కింద పెట్టాలో తోచదు. పెన్ను కొరుక్కుంటూ ఓ రెండు నిమిషాలు ఆలోచించండి. అప్పటికీ రాకపోతే వీడియోలో ఆ ముక్క మాత్రమే చూడండి. అలా తన్నుకులాడి తెలుసుకున్నది త్వరగా చెరిగిపోదు.

మూడు రోజుల తర్వాత అదే లెక్క అంకెలు మార్చి వేయండి, పది రోజుల తర్వాత ఇంకోసారి. మరిచిపోబోతున్న సమయంలో గుర్తు తెచ్చుకోవడం కష్టంగా ఉంటుంది, లాభమూ అక్కడే ఎక్కువ. ఆదివారం ఒక్కరోజే ఆరు గంటలు కూర్చునే బదులు రోజూ రాత్రి గిన్నెలు సర్దుకున్నాక నలభై నిమిషాలు మేలు. అందులో మొదటి పది నిమిషాలు కొత్తది ముట్టుకోకండి. నిన్నటిది ఖాళీ కాగితం మీద రాయండి.

మీకు మీరే ప్రశ్నలు తయారుచేసుకోవడం కూడా అలవాటు చేసుకోండి. 'కొనుగోళ్ల మీద కట్టిన సీజీఎస్టీ క్రెడిట్ మిగిలింది, ఎస్‌జీఎస్టీ కట్టాలి. దీంతో అది సర్దవచ్చా?' (కుదరదు.) 'సరుకు తిరిగి పంపితే మన పుస్తకాల్లో డెబిట్ నోటా, క్రెడిట్ నోటా?' ఇలాంటివి వంద పోగైతే ఏ కోచింగ్ మెటీరియల్ కన్నా మీ నోటుబుక్కే మెరుగ్గా ఉంటుంది. తప్పు చేసిన ప్రతిసారీ అది కూడా అందులోకి ఎక్కాలి.

అమ్మాయి విషయం మీ చేతిలోనే ఉంది. ఎంఈసీ కాబట్టి తనకు కామర్స్‌లో జర్నల్ ఎంట్రీలు, లెడ్జర్లు ఉంటాయి. రాత్రి భోజనాల దగ్గర ఒక ప్రశ్న తను మిమ్మల్ని అడగాలి, ఒకటి మీరు తనను అడగాలి. మార్కుల ఊసు ఎత్తొద్దు, ఎత్తితే పిల్ల వారంలో మానేస్తుంది. తను చదివేటప్పుడు ఎన్ని గంటలు కూర్చున్నావని కాకుండా, ఈ పాఠంలో పుస్తకం చూడకుండా ఏం చెప్పగలవని అడగండి. మొదట్లో విసుక్కుంటుంది, టెన్షన్ పడకండి.

కోర్సుకు ఫీజు కట్టాలా అన్న సందేహం రావచ్చు. నెల రోజులు పైన చెప్పినట్టు చేశాక, అసలు బిల్లులతో రిటర్నులు వేయించే చోటు దొరికితేనే కట్టండి. సర్టిఫికెట్ కోసమైతే వద్దు. మీ బీకాంతో జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదుకు అర్హత ఉంది. నమోదు నిలవాలంటే నాసిన్ (కేంద్ర పరోక్ష పన్నుల శిక్షణ సంస్థ) నిర్వహించే పరీక్షలో 50 శాతం మార్కులు రావాలి. ఏడాది పని చేశాక నమోదై ఆ పరీక్షకు కూర్చోండి. డిగ్రీ తర్వాత మీకు నిజంగా పనికొచ్చే కాగితం అది.

ఆడిటర్ గారికి వస్తానని చెప్పేయండి. అయితే 21వ తేదీ తర్వాత చేరతానని అడగండి. 11వ తేదీ దాకా జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 20 దాకా 3బీ (పన్ను కట్టే నెలవారీ రిటర్ను) హడావుడిలో మీకు నేర్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. జూలై, సెప్టెంబర్ నెలలైతే ఆదాయపు పన్ను పనులతో నెలాఖరు దాకా అదే పరిస్థితి, ఆ రెండు నెలలూ తప్పించి చేరండి.