తప్తపాణి వేడినీటి బుగ్గ: మోకాళ్ల నొప్పులకు, దురదలకు ఎంతవరకు పనిచేస్తుంది?

మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, చేతుల మీద ఎప్పటినుంచో దురద ఉన్నాయని, ఒడిశాలోని తప్తపాణిలో స్నానం చేయిస్తే తగ్గుతాయా, ఆ నీళ్లకు అంత పేరు ఎలా వచ్చిందని అడిగారు. మాది బరంపురం, చిన్నప్పటి నుంచి వెళ్తున్న చోటు అది. తప్పకుండా తీసుకెళ్లండి. వాడుతున్న మందులు మాత్రం ఆపించకండి.

బరంపురం నుంచి దిగపహండి మీదుగా సుమారు 50 కిలోమీటర్లు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం, తప్తపాణి ఉన్న ఈ గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇప్పటికీ బరంపురంలో తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం వైపు చుట్టరికాలు సాగుతూనే ఉన్నాయి. ఒళ్లు నొప్పులంటే "ఓసారి తప్తపాణి పోయి రా" అనడం మా ఇళ్లలో మామూలే.

మనకంటే ముందు అది కొండల్లో ఉండే ఆదివాసులకు పవిత్రమైన చోటు. బుగ్గ పక్కనే కంధుణీ దేవి గుడి ఉంది. పిల్లలు కావాలనుకునే ఆదివాసీ స్త్రీలు ఆ బురద నీళ్లలో కూర్చుని, గట్టు మీది చెట్టు నుంచి రాలిన కాయ కోసం చేత్తో అడుగంతా తడుముతారు. కాయ దొరికితే కడుపు పండుతుందని నమ్మకం. గర్భం విషయంలో ఆ నీళ్లు పనిచేస్తాయనడానికి వైద్యంలో ఆధారం లేదు. అయినా ఆ ఆచారాన్ని ఎవరైనా ఎగతాళి చేస్తే నాకు బాధేస్తుంది. పిల్లల్లేరని నలుగురి నోళ్లలో నానే మనిషి తన కోరిక పైకి చెప్పుకోవడానికి ఊళ్లలో ఎన్ని చోట్లు ఉన్నాయి చెప్పండి?

నీళ్లు వేడిగా ఉండటానికి దగ్గర్లో అగ్నిపర్వతం ఏదీ లేదు. వాన నీరు రాతి పగుళ్ల గుండా చాలా లోతుకు దిగుతుంది. భూమిలోకి కిలోమీటరు దిగితే వేడి దాదాపు 25-30 డిగ్రీలు పెరుగుతుంది. అలా కాగిన నీరు వేరే పగులు దొరికినచోట పైకి తన్నుకొస్తుంది, దారిలో రాళ్లలోని గంధకాన్ని కలుపుకుంటుంది. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడి నీళ్లు ఊరేది కూడా భూగర్భంలోని వేడి వల్లే.

మా అత్తయ్యకు మోకాళ్లు అరిగాయి. నడుము దాకా నీళ్లలో కూర్చున్న కాసేపటికి మోకాలు హాయిగా మడిచింది, ఆ రాత్రి మాత్ర అడగకుండా పడుకుంది. మర్నాటికి నొప్పి మళ్లీ మొదలైంది. నీళ్లలో ఒంటి బరువు కీళ్ల మీద అంతగా పడదు, వేడికి బిగుసుకున్న కండరాలు వదులవుతాయి. ఉపశమనం నిజమే, కానీ అరిగిన కీలు మళ్లీ మామూలు కాదు. బయటికొచ్చి చూస్తే ఆవిడ వెండి మెట్టెలు నల్లగా మారిపోయాయి. గంధకం వెండికి తగిలితే అంతే. మెట్టెలు తీయడం ఇష్టం లేకపోతే ఇంటికొచ్చాక విభూతితో తోమండి, తెల్లబడతాయి.

ఇక దురద. గజ్జికి గంధకం మలాం రాయడం డాక్టర్లకూ తెలిసిన వైద్యమే కాబట్టి పాతవాళ్ల నమ్మకం గాలిలోంచి పుట్టింది కాదు. అయితే మలాంలో ఉన్నంత గంధకం బుగ్గ నీళ్లలో ఉండదు. పైగా ఎగ్జిమా అనే చర్మవ్యాధి లాంటివి ఉంటే వేడి నీళ్లకు చర్మం ఎండిపోయి దురద ఇంకా ఎక్కువవుతుంది. అందుకే అది ఏ దురదో ముందు చర్మ డాక్టరుకు చూపించి, ఆ తర్వాతే బయల్దేరండి.

షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లకు కాలినా తెలియదు, వాళ్లు చేత్తో వేడి చూసుకున్నాకే దిగాలి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా దిగొద్దు. పచ్చి పుండ్లు ఉంటే వద్దే వద్దు. తల ముంచనివ్వకండి, ముక్కులోకి నీళ్లు పోకూడదు: వెచ్చని నీళ్లలో ఉండే ఒకరకం అమీబా చాలా అరుదుగానైనా ప్రాణం మీదికి తెస్తుంది.

దేవి గుడి పక్కనున్న బుగ్గ కుండంలో కాకుండా స్నానానికి విడిగా వదిలిన నీళ్లలోనే దిగండి. పది, పదిహేను నిమిషాలు చాలు. పైకి లేచేటప్పుడు కళ్లు తిరగొచ్చు, అమ్మగారి చెయ్యి పట్టుకుని నెమ్మదిగా లేపండి, వెంటనే మంచినీళ్లు తాగించండి. చలికాలం వెళ్తే హాయిగా ఉంటుంది. అడవి దారి కాబట్టి చీకటి పడకముందే తిరుగు ప్రయాణం పెట్టుకోండి.