బీపీ, మైనస్ 7 అద్దాలు ఉన్నవారు శీర్షాసనం వేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 47 సంవత్సరాలు. కడపలో బ్యాంకు ఉద్యోగిని. బీపీకి రోజూ టెల్మిసార్టాన్ 40 ఎంజీ మాత్ర వేసుకుంటాను. కళ్లజోడు పవర్ మైనస్ 7. కొంతకాలంగా ఇంట్లో సూర్య నమస్కారాలు చేస్తున్న ధైర్యంతో గత ఆదివారం మొదటిసారి గంటన్నర సాగే అడ్వాన్స్‌డ్ యోగా క్లాసుకు వెళ్లాను. గోడ ఆసరాతో శీర్షాసనం వేయించారు. దిగి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మాయి. మర్నాటి నుంచి భుజాలు, తొడల వెనుక ఒకటే నొప్పులు. కుడి పిర్ర కింద ఒకచోట మాత్రం గుచ్చినట్టు ఉంటోంది. నొప్పి మాత్ర వేసుకుని ఈ ఆదివారం కూడా వెళ్లవచ్చా? – ఒక పాఠకుడు, కడప

సమాధానం: ఈ ఆదివారం వద్దు. ఆ తర్వాత వెళ్లవచ్చు కానీ, శీర్షాసనం సంగతి కంటి పరీక్ష అయ్యాకే ఆలోచించాలి.

భుజాల్లో, తొడల్లో వచ్చిన నొప్పులకు భయపడనక్కర లేదు. చతురంగ దండాసనంలో ఒంటి బరువును చేతుల మీద ఆపుకుంటూ నెమ్మదిగా కిందికి దిగేటప్పుడు కండరం సాగుతూనే బరువు మోస్తుంది. అలవాటు లేని కండరంలో దీనివల్ల ఏర్పడే సూక్ష్మమైన దెబ్బలు ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా నొప్పి పుట్టించి వాటంతట అవే తగ్గిపోతాయి. పిర్ర కింద గుచ్చుతున్న నొప్పి ఈ కోవలోది కాకపోవచ్చు. మనం కూర్చునే ఎముకకు తొడ వెనుక కండరాల స్నాయువు అతుక్కుని ఉండే చోటు అది. మోకాళ్లు వంచకుండా పట్టుదలగా ముందుకు వంగినప్పుడు అక్కడ బెణుకుతుంది. సాగదీస్తే వదులవుతుందని చాలామంది మరింత వంగుతారు, దాంతో వారాల్లో తగ్గాల్సింది నెలలకు ముదురుతుంది. కనీసం రెండు మూడు వారాలు పశ్చిమోత్తానాసనం వంటివి మానండి, తప్పనిసరిగా వంగాల్సి వస్తే మోకాళ్లు మడిచి వంగండి. అప్పటికీ నొప్పి అలాగే ఉంటే ఎముకల డాక్టరుకు చూపించండి.

నొప్పి మాత్ర విషయంలో గట్టిగానే చెప్పాలి. మెడికల్ షాపులో అడగగానే ఇచ్చే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి మాత్రలు బీపీని పెంచుతాయి; టెల్మిసార్టాన్ వాడుతున్నవారు బాగా చెమటోడ్చి, ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో వాటిని వేసుకుంటే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే కడప ఎండల్లో, కిటికీలు మూసిన గదిలో గంటన్నర వ్యాయామం చేసేవారికి నీరు తగ్గడమెంతసేపు? అవసరమైతే పారాసిటమాల్ చాలు. మూత్రం కాఫీ రంగులోకి మారితే మాత్రం అది కండరాలు తీవ్రంగా దెబ్బతిన్న సూచన కావచ్చు కాబట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తలకిందులుగా ఉన్నవారు ఒక్కసారిగా నిలబడితే రక్తం కాళ్లలోకి జారి, మెదడుకు క్షణకాలం సరఫరా తగ్గుతుంది. బీపీ మాత్రలు వాడేవారిలో ఇది ఎక్కువ. దిగాక నుదురు నేలకు ఆనించి కాసేపు ఉండి, కూర్చుని, ఆ తర్వాతే లేవాలి. అయినా ఒక వారం పాటు ఉదయం, సాయంత్రం ఇంట్లో బీపీ చూసుకుని ఆ అంకెలను మీ డాక్టరుకు చూపించండి. 160/100 దాటిన రోజు క్లాసు మానేయండి.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది మీ కళ్లజోడు పవర్. మీరు దానిని మాటవరసకు రాసి ఉండవచ్చు. మైనస్ 6 దాటిన కళ్లలో కనుగుడ్డు పొడవు పెరిగి, లోపలి రెటీనా పొర అంచుల్లో పలచబడి ఉంటుంది. అది చిరిగే, ఊడివచ్చే అవకాశమూ, నీటికాసుల వ్యాధి అని పిలిచే గ్లకోమా వచ్చే అవకాశమూ ఇతరులకన్నా ఎక్కువ. మామూలుగా 10 నుంచి 21 వరకు ఉండే కంటి ఒత్తిడి శీర్షాసనంలో దాదాపు రెండింతలు అవుతుందని మన దేశంలోనే కొలిచి చూశారు. దిగగానే అది తగ్గిపోతుంది కనుక ఆరోగ్యమైన కంటికి పెద్ద చిక్కు లేదు, కానీ గ్లకోమా మొదట్లో ఏ నొప్పీ లేకుండా ముదురుతుంది కాబట్టి మీ కన్ను ఆరోగ్యమైనదో కాదో పరీక్ష లేకుండా మీరూ చెప్పలేరు, మీ గురువు గారూ చెప్పలేరు. హలాసనం, అధోముఖ శ్వానాసనం కూడా ఒత్తిడిని పెంచేవే. కాబట్టి రిమ్స్‌లో గానీ, మీకు తెలిసిన కంటి ఆసుపత్రిలో గానీ కంటి ఒత్తిడి కొలిపించుకుని, చుక్కల మందు వేసి చేసే రెటీనా పరీక్ష చేయించుకోండి. ఆ మందు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. ఈలోగా కళ్ల ముందు మెరుపులు, కొత్తగా నల్లని చుక్కలు, ఒక పక్క తెర దించినట్టు చీకటి కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు వెళ్లాలి.

మళ్లీ వెళ్లినప్పుడు బీపీ, కళ్ల సంగతి క్లాసు మొదలయ్యే ముందే గురువు గారికి చెప్పండి. పదిమందీ వేస్తున్నారని మొహమాటపడకుండా, తలకిందుల ఆసనాల సమయంలో శవాసనంలోనో సుఖాసనంలోనో ఉండిపోండి. ఏ ఆసనంలోనైనా ముక్కుతో తేలికగా ఊపిరి ఆడక బిగబట్టాల్సి వస్తోందంటే అక్కడితో ఆపేయండి. ఆ వెసులుబాటు ఇవ్వని క్లాసు అయితే మీ వయసుకూ, బీపీకీ అది తగినది కాదు, మరొకటి చూసుకోండి.