గింజ ఎక్కడుందో ముందు అడుగు

కోవూరు,
నెల్లూరు జిల్లా.

అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. ‘ప్రపంచ భాషల్లో బియ్యం’ అని పేరు పెట్టి, నలభై భాషలకు పట్టిక వేసి, ఒక్కో భాషకు ఎదురుగా ఒక్కో మాట రాశావు. చదువుతుంటే నాకు కోపం వచ్చింది. రాత్రి పక్కన పెట్టి పొద్దున మళ్లీ తీశాను. కోపం తగ్గలేదు. శ్రమపడ్డావు, వాక్యం శుభ్రంగా రాస్తావు. ఆ మాట ఇక్కడితో సరి.

తెలుగుకు ఎదురుగా ‘బియ్యం’ అన్నావు. జపాను భాషకు ‘గోహన్’ అన్నావు. మలయ్ భాషకు ‘నాసి’, స్వాహిలీకి ‘వాలి’, వియత్నాం భాషకు ‘లువా’, ఫిలిప్పీన్స్‌లోని తగలాగ్‌కు ‘బిగాస్’ అన్నావు. గోహన్ అంటే అన్నం. నాసి అన్నా, వాలి అన్నా అన్నమే. లువా అంటే చేలో నిలబడి ఉన్న వరి. వీటిలో బిగాస్ ఒక్కటే బియ్యం. చేలో ఉన్నదీ, బస్తాలో ఉన్నదీ, పళ్లెంలో ఉన్నదీ ఒకే వరుసలో చేరిపోయాయి. ఫోనులో ఇంగ్లీషు మాట ‘రైస్’ కొట్టి, అది ఏది చూపిస్తే అది ఎక్కించావని తెలిసిపోతూనే ఉంది.

ఇంగ్లీషుకు ఈ తేడాలతో పనిపడలేదు. అది వాళ్లు పండించుకున్న పంట కాదు. నాటితే రైస్, దంచితే రైస్, వండితే రైస్. పొట్టు తీయని గింజకు ఒక పేరు కావలసి వచ్చినప్పుడు మలయ్ భాషలోని ‘పాడీ’ని తెచ్చుకుని ‘ప్యాడీ’ అన్నారు. నువ్వు పుట్టింది వరి పండే ఊళ్లో. నారు, వరి, వడ్లు, బియ్యం, అన్నం అని ఏ మెట్టుకు ఆ మాట నీ నోట్లో ఉంది. మలయ్ వాళ్లకూ అంతే: పాడీ, బెరాస్, నాసి. కొరియా వాళ్లకూ అంతే: బ్యొ, స్సల్, బాప్. చైనాలో చేలోనిది ‘తావో’, పొట్టు తీసినది ‘మీ’, వండినది ‘ఫాన్’. బెంగాలీలకు ధాన్, చాల్, భాత్. తమిళులకు నెల్, అరిసి, సోరు. ఇంతమంది ఇళ్లలో ఉన్న తేడా నీ ఇంట్లోనూ ఉంది. అది లేని భాషను మధ్యవర్తిగా పెట్టుకుని వాళ్ల దగ్గరికి వెళ్లావు. నన్ను బాధపెట్టింది అదే.

అనువాదం ముందు పెట్టుకున్నప్పుడు ఒక్క ప్రశ్న అడుగు: ఈ గింజ ఇప్పుడు ఎక్కడుంది? పొలంలోనా, గాదెలోనా, ఎసట్లోనా, విస్తట్లోనా? జవాబు దొరికాకే మాట వెతుకు. ముప్ఫై ఏళ్లుగా ఈ మాట నా దగ్గరికి వచ్చే ప్రతి కుర్రవాడికీ చెబుతున్నాను.

నాకు ఇది పుస్తకాల్లో దొరకలేదు. చదువు మధ్యలో ఆగిపోయి బుచ్చిరెడ్డిపాళెం వైపు ఒక వడ్ల మిల్లులో గుమాస్తాగా చేరాను. పగలంతా లెక్కలు, రాత్రి ఆ లెక్కల కాగితాల వెనకవైపు కథలు. మిల్లులో మాట తప్పితే డబ్బు పోతుంది. వడ్లు పోస్తే ఊక ఒక పక్క, తవుడు ఒక పక్క, నూకలు ఒక పక్క, బియ్యం ఒక పక్క వస్తాయి. ప్రభుత్వం కొనే లెక్క ప్రకారం క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం రావాలి. ఉప్పుడు బియ్యమైతే 68. వడ్లకూ బియ్యానికీ ఒకే మాట రాసి చూడు, మిగిలిన 33 కిలోలకు ఎవరు జవాబు చెప్పాలి? మన జిల్లాలో పుట్టి అంటే 850 కిలోలు, ఇప్పటికీ రైతు ధర చెప్పేది పుట్టి లెక్కనే. ఆ పుట్టి వడ్లది. బియ్యాన్ని పుట్టిలో బేరం చేసినవాణ్ణి నేను చూడలేదు.

ఇంకో సంగతి గమనించావా? ‘బియ్యం అయిపోయాయి’ అంటాం. ‘అన్నం అయిపోయింది’ అంటాం. వడ్లు, బియ్యం బహువచనం. ఎసట్లో పడి ఉడికాక ఏకవచనం. ఎవరూ నేర్పకుండానే నాలుగేళ్ల పిల్ల కూడా ఇది తప్పు పలకదు. వేరువేరు గింజలు ఒక్కటైపోయిన క్షణాన్ని వ్యాకరణం పట్టుకుంది. నలభై భాషలు తిరిగి వచ్చిన నీ వ్యాసంలో దీనికి ఒక్క వాక్యం లేదు.

ఈ మధ్య వస్తున్న అనువాదాలు చూస్తున్నాను. చైనా కథ, జపాను కథ, వియత్నాం కథ, అన్నీ ఇంగ్లీషు మీదుగానే. ‘అతను ఒక గిన్నె బియ్యం తిన్నాడు’ అని అచ్చయిన పుస్తకం నా బల్ల మీదే ఉంది. సన్నబియ్యం తింటాం అని మనమూ అంటాం, అది రకం గురించి. ఊరికే ‘బియ్యం తిన్నాడు’ అంటే మన దగ్గర పచ్చివి నమిలాడనే. అలా తింటే పెళ్లిలో వాన పడుతుందని పిల్లలను కోప్పడే ఇళ్లు మనవి. ఆ వాక్యానికి తెలుగులో ముందే ఒక అర్థం కుదిరిపోయి ఉంది, అనువాదకుడు దాని మీద ఇంకొకటి మోపాడు. దాన్ని చదివి ఆపని సంపాదకుడి మీద నాకు ఇంకా ఎక్కువ కోపం. ప్రూఫు దిద్దే ఓపిక లేనివాళ్లు ప్రపంచ సాహిత్యం అచ్చు వేయడానికి తొందరపడుతున్నారు.

సంపాదకుల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మిల్లులో ఉన్న రోజుల్లోనే ఒక కథ రాశాను. పెద్ద రైతు ఇంట్లో వడ్లు దంచే మనిషి కథ. చేటలో చెరిగి, బియ్యం వాళ్ల తొట్టిలో పోసి, నూకలు తన కొంగులో కట్టుకుని ఇంటికి వెళుతుంది. కథంతా ఆ రెంటి మధ్య తేడా మీదే నిలబడింది. ఒక వారపత్రిక తీసుకుంది. అచ్చులో చూస్తే వడ్లు ‘ధాన్యం’ అయ్యాయి, గింజ పట్టని తాలు ‘చెత్త’ అయింది, ఆమె కొంగులోని నూకలు ‘బియ్యం’ అయ్యాయి. పట్నం పాఠకులకు తెలియదని సంపాదకుడు జవాబు రాశాడు. బియ్యమే కూలి అయితే ఆమెకు ఏ కష్టమూ లేదు, ఇక ఆ కథ ఎందుకు? ఆ సంచికను నేను దాచుకోలేదు. తర్వాత చాలా కాలం ఆ పత్రికకు ఏమీ పంపలేదు, డబ్బు అవసరం గొంతుదాకా ఉన్నా పంపలేదు. నూకలు తెలియని తెలుగు పాఠకుడు ఎవరు? ఎవరైనా పోతే ‘భూమ్మీద నూకలు చెల్లాయి’ అని పట్నంలో అనరా?

మా మేనల్లుడు కువైట్‌లో వంటపని చేసేవాడు. అక్కడ అన్నాన్ని ‘ఐష్’ అంటారు. ఒకరోజు పనివాళ్ల గదిలో ఈజిప్టు మనిషి ఐష్ అడిగితే వీడు పళ్లెం నిండా అన్నం పెట్టాడు. అతను పళ్లెం వెనక్కి నెట్టాడు. ఈజిప్టులో ఐష్ అంటే రొట్టె. మాట ఒకటే, అరబ్బీలో దాని అసలు అర్థం బతుకు. నైలు నది ఒడ్డున బతుకంటే రొట్టె, గల్ఫ్ తీరంలో బతుకంటే అన్నం. వాడు సెలవుకు వచ్చి ఇది చెప్పినప్పుడు నేను నూకలు చెల్లడం గురించే ఆలోచించాను. మనం ఆయువును కొలిచింది బియ్యంతో కాదు, నూకలతో. ఇలాంటివి పట్టికలో పట్టవు.

జపాను గురించి నీకు విడిగా చెప్పాలి, ఎందుకంటే ఆ వరుస ఒక్కటే సరిగ్గా చూస్తే నీ వ్యాసం మొత్తం మారిపోతుంది. వాళ్లకు చేలో ‘ఇనె’, పొట్టు తీస్తే ‘కొమె’, వండితే ‘గోహన్’. ఇందులో ‘హన్’ చైనా నుంచి వచ్చింది, ముందున్న ‘గో’ గౌరవానికి. వాళ్ల సొంత మాట ‘మెషి’. ఇప్పుడు అది మొరటుగా వినిపిస్తుంది, మగవాళ్లు తమలో తాము అనుకునే మాట అయింది. ఇప్పుడు మన ఇంటికి రా. అన్నం సంస్కృతం నుంచి వచ్చింది, ‘అద్’ అనే ధాతువు, తినేది అని అర్థం. మన సొంత మాట కూడు. ఒకప్పుడు మామూలు మాటే. ఇప్పుడు ఇంటికొచ్చిన చుట్టాన్ని ‘కూడు తింటారా’ అని అడగగలవా? కూటి కోసం కోటి విద్యలు అన్న సామెతలోనూ, కూడూ గుడ్డా అన్న జంటలోనూ తలదాచుకుంది. రెండు చోట్లా పెద్ద భాష నుంచి వచ్చిన మాట పీట మీద కూర్చుంది, ఇంటి మాట వాకిట్లోకి జరిగింది.

అక్కడితో ఆగలేదు. జపానులో హోటలుకు వెళ్లి పాశ్చాత్య వంటకం తెప్పించుకుంటే, దానితోపాటు పళ్లెంలో వచ్చే అన్నం గోహన్ కాదు, ‘రైసు’. ఇంగ్లీషు మాటే. గిన్నెలో ఉంటే గోహన్, బల్లపరుపు పళ్లెంలో ఉంటే రైసు. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద ఏ హోటల్లోనైనా కూర్చుని విను. ఇంట్లో పులిహోర తినే మనిషే అక్కడ లెమన్ రైస్ అంటాడు. ‘ఇంకొంచెం రైస్ వేయండి’ అంటాడు. ఒకే గింజకు ఇంట్లో ఒక పేరు, బయట డబ్బిచ్చిన చోట ఒక పేరు. దీని మీద రాస్తే అది వ్యాసం.

థాయి భాషలో అన్నిటికీ ‘ఖావ్’ ఒక్కటే కదా, నా వాదం నిలబడదు కదా అని నువ్వు అడగవచ్చు. నిలబడుతుంది. వాళ్లు పక్కన ఇంకో మాట చేర్చి చెబుతారు. పొట్టుతో ఉంటే ఒకటి, బియ్యమైతే ‘ఖావ్ సాన్’, వండి వడ్డిస్తే ‘ఖావ్ సువయ్’. ఆ సువయ్‌కి అందమైన అని అర్థం. అంటే వాళ్లూ గింజ ఎక్కడుందో అడిగే మాట్లాడుతున్నారు. ఎదురుపడితే అడిగే పలకరింపు కూడా ‘అన్నం తిన్నావా’ అనే. చైనాలోనూ, కొరియాలోనూ అదే. మన పల్లెల్లోనూ అదే.

చద్దన్నాన్ని నువ్వు పూర్తిగా వదిలేశావు. రాత్రి మిగిలి చల్లారిన అన్నానికి ఫిలిప్పీన్స్‌లో ‘బహావ్’ అని ప్రత్యేకంగా పేరుంది. నీళ్లు పోసి ఉంచిన దాన్ని బెంగాలీలు పాంతా భాత్ అంటారు, ఒడియా వాళ్లు పఖాళ అంటారు. అడుగంటిన మాడుకు కొరియాలో, జపానులో పేర్లున్నాయి. ఇరాన్‌లో దాన్ని ‘తహ్‌దిగ్’ అని అపురూపంగా అతిథులకు వడ్డిస్తారు. మిగిలినదాన్నీ మాడినదాన్నీ పారేయని ఇళ్లలోనే ఈ పేర్లు పుడతాయి. ఈ భాగం నాకు రెండు పేజీలు కావాలి.

‘తమిళుల అరిసి నుంచే ప్రపంచమంతటికీ మాట వెళ్లింది’ అని ఢంకా బజాయించావు. అది కొట్టేయి. గ్రీకు ‘ఒరీజా’ నుంచి ఇటలీ, ఫ్రాన్సు, ఇంగ్లండు దాకా వచ్చిన దారి స్పష్టమే. అరబ్బుల ‘అర్రుజ్’ స్పెయిన్ చేరి ‘అర్రోజ్’ అయిన దారీ స్పష్టమే. కానీ గ్రీకులకు ఆ మాట ఎవరిచ్చారన్న దగ్గర పండితులు ఒక్క మాట మీద లేరు. అరిసి అనేవాళ్లున్నారు, సంస్కృత ‘వ్రీహి’కి చుట్టమైన ఇరానీ మాట అనేవాళ్లున్నారు. మడగాస్కర్‌లో బియ్యాన్ని ‘వారి’ అంటారు, మన వరికి అంత దగ్గరగా. దాన్ని చూసి కూడా గంతులు వేయకు, ఉన్నది ఉన్నట్టు రాసి ఊరుకో. గొప్పలు కావాలంటే ఇది రాయి: మనం అచ్చ తెలుగనుకునే ‘మసూరి’ మలేసియాలో తయారైన వంగడం పేరు. 1960లలో ఇక్కడికి వచ్చింది. బాపట్ల వాళ్ల సాంబ మసూరి, మన నెల్లూరు మసూరి ఆ పేరు మోస్తున్నవే. మా నాన్నగారి కాలంలో ఇక్కడ పేరు మోసినవి మొలగొలుకులు. ఒక మాట పోయి ఇంకో మాట వచ్చి మన కళ్ల ముందే స్థిరపడింది.

ఇంత కోపంలోనూ నీ కాగితాలు తిప్పి పంపకుండా ఉత్తరం రాయడానికి ఒక కారణం ఉంది. పట్టిక అయిపోయాక, చివర్లో, ఎందుకో తోచినట్టు ఒక పేరా రాశావు. మీ అవ్వ కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ‘ఒకటి’ అనేది కాదు, ‘లాభం’ అనేది. ఆ తర్వాతే రెండు, మూడు. ఏడు దగ్గర గొంతు తగ్గించేది, ఏడుపు గుర్తొస్తుందని. కుంచం మీద రాశి నిలబడేలా ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టేది, కొలిచాక ఆ చేతికి అంటుకున్న గింజలను కూడా కుప్పలోకే దులిపేది. ఇది చదివి నేను లేచి కాసేపు వరండాలో తిరిగాను. మా అమ్మ కూడా లాభం అనే మొదలుపెట్టేది. ఆ మాటను కాగితం మీద ఇంకెవరూ పెట్టగా నేను ఈ మధ్య చూడలేదు. నలభై భాషల్లో వెతికినదానికంటే విలువైనది నీ ఇంటి కళ్లంలోనే ఉంది, దాన్ని చివరికి తోసేశావు.

పోటీకి పంపాలా, కలం పేరు పెట్టుకోవాలా అని కూడా అడిగావు. ముందు వ్యాసం తిరగరాయి. అవ్వ కొలతతో మొదలుపెట్టు. పట్టిక తీసేయి. భాషలు పది చాలు, కానీ ప్రతి భాషలోనూ చేలోది, బస్తాలోది, పళ్లెంలోది విడివిడిగా కనుక్కో. ఇంగ్లీషు నిఘంటువులో కాదు, ఆ భాష మాట్లాడేవాళ్లను అడుగు. మీ ఆఫీసులో కొరియా వాళ్లున్నారని రాశావు కదా, వాళ్లతో మొదలుపెట్టు. అవ్వ ఇంకా ఉంటే ఆమెను అడగాల్సినవి కూడా ఉన్నాయి: తాలు, పొల్లు ఒకటేనా, కొత్త బియ్యం ఒదగవని ఎలా తెలుస్తుంది, పరిగె ఏరుకోవడానికి ఎవరిని రానిచ్చేవారు. ఆమె మాటలు ఆమె అన్నట్టే రాసుకో, దిద్దకు.

స్వాహిలీ వరుస మాత్రం ఇప్పుడే సరిచేసుకో: పొలంలోది మ్పుంగా, సంచిలోది మ్చేలే, పళ్లెంలోది వాలి. సంక్రాంతికి ముందే పంపు, పండగ పనుల్లో పడితే నాకు చదవడం కుదరదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు