పొడుల కవర్ల కోసం ఎఫ్‌డీ తీసేయొచ్చా?

ప్రశ్న: రాజమండ్రిలో ఇంటి దగ్గరే కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి చేసి నెలకు 300 ప్యాకెట్లు అమ్ముతున్నాను. సొంత డిజైన్‌తో కవర్లు వేయిద్దామంటే రకానికి కనీసం 10,000 తీసుకోవాలన్నారు. కొటేషన్ పంపుతున్నాను. 2.5 లక్షల ఎఫ్‌డీ ఉంది, తీసేయనా?

వద్దండీ. కవర్ 5 రూపాయల చొప్పున 30,000 కవర్లకు లక్షన్నర. రంగుకో సిలిండర్ (డిజైన్ చెక్కిన అచ్చు రోలర్) కావాలి, మీ డిజైన్‌లో ఐదు రంగులు, మూడు పొడులకు పదిహేను సిలిండర్లు, ఒక్కోటి 4,000 వేశారు కాబట్టి ఇంకో 60,000. కింద చిన్న అక్షరాల్లో జీఎస్టీ అదనం అని ఉంది, చూశారా? ఆ 18 శాతం కలిపితే 2,47,800. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి అది వెనక్కి రాదు. ఎఫ్‌డీ అంతా కవర్లకే పోతే కందిపప్పు దేంతో కొంటారు?

పైగా మీరు అమ్మేది రకానికి నెలకు వంద. పదివేలు అయ్యేసరికి ఎనిమిదేళ్లు దాటుతుంది. ఈలోగా ధర మారదా, ఫోన్ నంబర్ మారదా? వ్యాపారం పెరిగి ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ నుంచి లైసెన్స్‌కు వెళ్తే కవర్ మీద వేసే ఆ 14 అంకెల నంబరే కొత్తది వస్తుంది. మా బంధువుల ఇంట్లో అటక మీద ఇప్పటికీ మూడు బస్తాల పచ్చడి కవర్లున్నాయి, నంబర్లో ఒక అంకె ఎగిరిపోయింది. అచ్చుకు ముందు ప్రింటర్ చూపించే నమూనా (ప్రూఫ్) చూసి సంతకం పెట్టింది వాళ్లే లెండి.

ఇప్పటికి సాదా జిప్ పౌచ్‌లు తెచ్చి మంచి స్టిక్కర్ వేయండి. రెండూ కలిపి 7 రూపాయలు పడ్డా నెలకు 2,100. అన్నట్టు, నువ్వుల పొడి నూనె వదులుతుంది, సీల్ వేసే అంచుకు పొడి అంటితే సీల్ పట్టదు. పది ప్యాకెట్లు వంటింటి అల్మారాలో పెట్టి నెలకొకటి విప్పి చూడండి. ముక్క వాసన ఎన్నో నెలకు వస్తుందో తెలిస్తేనే ఎంత మందం కవర్ కావాలో ప్రింటర్‌తో గట్టిగా మాట్లాడగలరు.

అమ్మకం నెలకు వెయ్యి ప్యాకెట్లు దాటాక మూడింటికీ ఒకే కవర్ వేయించి, పొడి పేరు, పదార్థాలు, ధర స్టిక్కర్ మీద పెట్టండి. ఇవే రేట్లకు ఐదు సిలిండర్లు, 10,000 కవర్లు, జీఎస్టీతో 82,600 అవుతుంది, పది నెలల్లో కవర్లన్నీ అయిపోతాయి. అప్పుడైనా ఎఫ్‌డీ విరగ్గొట్టకండి, దాని మీద బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు అడగండి, వాడుకున్నంతకే వడ్డీ. సిలిండర్లు మీవేనని బిల్లులో రాయించుకోవడం మాత్రం మర్చిపోవద్దు, లేదంటే ప్రింటర్‌ని మార్చిన రోజున మళ్లీ ఆ 20,000 కట్టాలి.