యూరిక్ యాసిడ్‌కీ బీపీకీ సంబంధం ఉందా? ముందు మీ మాత్రల షీటు తిప్పి చూడండి

"యూరిక్ యాసిడ్ ఎక్కువైతే బీపీ కూడా పెరుగుతుందా?" అని అడిగారు. పెరుగుతుందనే నేను గట్టిగా నమ్ముతాను. కాకపోతే నా విషయంలో అది ఎదురు దారిలో వచ్చింది. బీపీకని మూడేళ్లు వేసుకున్న మాత్రే నా యూరిక్ యాసిడ్‌ని పెంచింది.

ఒక రాత్రి రెండు గంటలప్పుడు మెలకువ వచ్చింది. ఎడమ కాలి బొటనవేలి మొదట్లో నిప్పు పెట్టినట్టు మంట. దుప్పటి అంచు తగిలినా ప్రాణం విలవిల్లాడిపోయింది. లైటు వేసి చూస్తే కీలు ఎర్రగా, నున్నగా మెరిసేలా వాచిపోయి ఉంది. ఏ పురుగో కుట్టిందేమోనని మా ఆవిడ పరుపంతా దులిపింది. తెల్లారాక చెప్పులో కాలు పట్టలేదు, మడమ మీద కుంటుకుంటూ ఆసుపత్రికి వెళ్లాను. యూరిక్ యాసిడ్ 6.4 వచ్చింది. "నార్మల్‌గానే ఉంది, బెణికి ఉంటుంది" అని నొప్పి మాత్రలిచ్చి పంపేశారు.

నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఇదే. నాకొచ్చింది గౌట్, అంటే యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే వాపు. ఆ నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలుగా కనిపించవచ్చు. తగ్గిన రెండు మూడు వారాలకు మళ్లీ చూడాలి. ఆ మాట నాకు చెప్పినవాళ్లు లేరు. రెండోసారి నొప్పి వచ్చి తగ్గాక చూస్తే 9.1!

ఈలోగా చుట్టాలంతా నా కంచం మీద పడ్డారు. అది మానేయ్, ఇది ముట్టుకోకు అని. నిజానికి ఒంట్లో చేరే యూరిక్ యాసిడ్‌లో ఎక్కువ భాగం మన కణాల్లోంచే తయారవుతుంది, తిండి వాటా తక్కువ. బీరు, తీపి కూల్‌డ్రింకులు, కాలేయం లాంటి మాంసం తగ్గించాల్సిందే, కాదనను. కానీ నేను మందు ముట్టను. ఆర్నెల్లు నోరు కట్టుకున్నా అంకె పెద్దగా కదల్లేదు.

చివరికి వేరే డాక్టరుగారు మొట్టమొదట అడిగిన ప్రశ్న, "బీపీకి ఏం వాడుతున్నారు? షీటు తెచ్చారా?" అని. జేబులోంచి తీసిచ్చాను. వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో ఉన్న రెండో మందు పేరు కింద పెన్నుతో గీత గీశారు. హైడ్రోక్లోరోథయజైడ్, 12.5 మిల్లీగ్రాములు. ఇది ఉప్పునీ నీటినీ మూత్రంలోకి పంపి బీపీ తగ్గిస్తుంది, కానీ కిడ్నీ యూరిక్ యాసిడ్‌ని బయటికి వదలకుండా చేస్తుంది అన్నారు. దాన్ని ఆపి లోసార్టాన్ రాశారు. బీపీ మందుల్లో అది యూరిక్ యాసిడ్‌ని కొంచెం తగ్గించే రకం. తర్వాత యూరిక్ యాసిడ్ తయారీనే తగ్గించే అల్లోప్యూరినాల్ అనే మందు తక్కువ మోతాదుతో మొదలుపెట్టారు. ఇప్పుడు 5.6. ఏడాదిన్నరగా నొప్పి రాలేదు.

అలాగని చదివినవాళ్లెవరూ బీపీ మాత్ర సొంతంగా ఆపకండి. అల్లోప్యూరినాల్ కూడా సొంతంగా కొనుక్కోకండి, అరుదుగా కొందరికి ఒళ్లంతా ప్రమాదకరమైన దద్దుర్లు వస్తాయి.

ఇక మీరు అడిగిన దిశ. 2008లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో, కొత్తగా బీపీ బయటపడిన 30 మంది టీనేజీ పిల్లలకు నాలుగు వారాలు అల్లోప్యూరినాల్ ఇచ్చారు. 20 మందికి బీపీ మామూలు స్థాయికి వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నప్పుడు అలా వచ్చింది ఒక్కరికే. పెద్దవాళ్ల మీద చేసిన పరీక్షల్లో ఇంత స్పష్టంగా తేలలేదు. నా లెక్క ప్రకారం అందులో వింతేమీ లేదు. రక్తనాళాలు బిరుసెక్కాక యూరిక్ యాసిడ్ తగ్గించి ఏం లాభం? మొదట్లోనే పట్టుకోవాలి.

ఇంత ధీమాగా అనడానికి మా తమ్ముడే కారణం. వాడికి 34 ఏళ్లు. ఆఫీసు చెకప్‌లో రెండేళ్లు వరుసగా యూరిక్ యాసిడ్ 8 దాటింది, అప్పుడు బీపీ లేదు. "నొప్పి లేదు కదా అన్నయ్యా" అని వదిలేశాడు. మొన్న చూపిస్తే 150/96. మొదటి మాత్ర రాయించుకునే ముందు ఆ పాత రిపోర్టులు రెండూ నేనే తీసుకెళ్లి డాక్టరు ముందు పెట్టాను. ఆయన వాటిని చూసి, రాయబోయిన మందు మార్చి రాశారు.