ఆ తొమ్మిది గంటల లెక్క

"పరాయి దేశంలో ఉన్నప్పుడు మంచిచెడుల విషయంలో తడబడ్డారా, దానివల్ల మనిషిగా ఏమైనా మారారా" అని అడిగారు. తడబడ్డాను. మాది జగిత్యాల వైపు. 2014లో దుబాయ్ వెళ్ళాను, ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో టైమ్‌కీపర్‌గా. పొద్దున బస్సు దిగగానే హాజరు వేయడం, సాయంత్రం ఎవరు ఎన్ని గంటలు ఓటీ (ఓవర్‌టైమ్, అంటే అదనపు పని) చేశారో రాసుకోవడం, నెలాఖరుకి షీట్ ఆఫీసుకు పంపడం, ఇదే నా పని. అక్కడ జీతాలు బ్యాంకుల్లాంటి సంస్థల ద్వారానే వేయాలని 2009లోనే రూలు తెచ్చారు. మంచి రూలే, కానీ ఎవరు ఎన్ని గంటలు చేశారో బ్యాంకుకు తెలియదు కదా, అది నేను రాసిన అంకెను బట్టే ఉంటుంది.

ఓటీ గంటకు మామూలు గంట కంటే కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. అందుకని ఫోర్‌మన్ ముందే చెప్పేవాడు, ఈ నెల గ్యాంగు మొత్తానికి ఇన్ని గంటలే, మించితే ఆఫీసులో కోస్తారు అని. అంటే ఒకరికి ఎక్కువ రాస్తే ఇంకొకరికి తగ్గాల్సిందే.

మా మండలం తమ్ముడు ఒకతను ఆ గ్యాంగులో ఉండేవాడు. ఏజెంటుకు కట్టడానికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకున్నాడు. "అన్నా, నువ్వే చూసుకోవాలె" అని రోజూ అనేవాడు. చూసుకున్నాను. ఒక నెల అతనికి తొమ్మిది గంటలు ఎక్కువ రాసి, ఆ తొమ్మిదీ ఒక నేపాలీ షట్టరింగ్ కార్పెంటర్ (కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించేవాడు) లెక్కలోంచి తీశాను. ఆయన పెద్దవాడు, చదువు రాదు, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు, అందుకే ఆయన్ని చూసుకుని మరీ తీశాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. అప్పుడు మాత్రం తప్పు అనిపించలేదు, మనవాడికి సాయం చేస్తున్నానని అనుకున్నాను, ఊళ్ళో అయితే దాన్ని మంచితనమనే అంటారు.

జీతాలు పడ్డ రాత్రి ఆయన జీతం చీటీ పట్టుకుని వచ్చి నన్ను తన మంచం దగ్గరికి తీసుకెళ్ళాడు. దిండు జరిపాడు. గోడకు ఆనించిన ప్లైవుడ్ ముక్క మీద పెన్సిల్ గీతలు, రోజుకో వరుస, ఓటీ గంటకో గీత. వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టి చూపించాడు. (మీరు గల్ఫ్ వెళ్తుంటే ఇదే చేయండి, మీ గంటలు మీరే రాసుకోండి, ఫోన్‌లో అయినా సరే.) తిట్టలేదు. "తొమ్మిది తక్కువ వచ్చాయి, నా లెక్క తప్పా?" అని హిందీలో అడిగాడు.

ఆయన నెల బేసిక్ జీతం 800 దిర్హమ్‌లు. తొమ్మిది గంటలంటే 37 దిర్హమ్‌ల పైచిలుకు, అప్పట్లో మన డబ్బులో ఆరు వందలు. జేబులోంచి 40 తీసి ఇవ్వబోతే తీసుకోలేదు. "నీ డబ్బు నాకెందుకు, నా గంటలు రాయి" అన్నాడు.

మర్నాడు ఫోర్‌మన్‌కి చెప్పేశాను. గట్టిగా అరిచాడు, ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌తో రెండు రోజులు అన్నం సయించలేదు. పోలేదు. తర్వాతి నెల ఆ తొమ్మిది గంటలు ఆయనకు కలిపి, మా తమ్ముడికి తగ్గించాను. ఆ సంగతి ఊరిదాకా పోయింది, "దుబాయ్ పోయి మనోళ్ళనే ముంచిండు" అని ఊళ్ళోవాళ్ళు మా నాన్న మొహం మీదే అన్నారు. ఆ తమ్ముడు ఇప్పటికీ నాతో మాట్లాడడు. అతని తప్పేమీ లేదు, నాది కానిది నేను ఇచ్చాను, మళ్ళీ నేనే లాక్కున్నాను, అప్పు వడ్డీ మాత్రం అతనికి పెరుగుతూనే ఉంది. ఆ బాధ నాకు పోలేదు.

అప్పటి నుంచి షీట్ పంపే ముందు రోజు రాత్రి మెస్‌లో కూర్చుని ఎవరి గంటలు వాళ్ళకు చదివి వినిపించేవాడిని, చదువు రానివాళ్ళకు ముందుగా. చాలాసార్లు నా లెక్కలో తప్పులు దొరికేవి, అక్కడే దిద్దేవాడిని. మొదటి నెల ఆ కార్పెంటర్ తన అంకె విన్నాడు, ఏమీ అనకుండా లేచి రూముకు వెళ్ళి ప్లైవుడ్ చూసుకుని వచ్చాడు, సరే అన్నట్టు తలూపి, పళ్ళెం తీసుకుని అన్నానికి కూర్చున్నాడు.