హత్యకు గురైన నాన్నపై సీరియల్‌లో నింద: కోర్టుకు వెళ్లవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబం. 2004 ఫిబ్రవరిలో కోరాపుట్ ఆయుధాగారంపై నక్సలైట్లు దాడి చేశారు. ఆ తర్వాతి కాలంలో మా నాన్నగారిని ఇన్‌ఫార్మర్ అంటూ చంపారు. ఆనాటి ఘటనలపై వస్తున్న ఒక తెలుగు సీరియల్‌లో పేరు మాత్రం మార్చి, ఆయన దుకాణం, మా వీధి, ఆయన చావు అన్నీ అలాగే పెట్టారు. డబ్బుకు ఆశపడి అమాయకులను పట్టించాడని చూపించారు. ‘పాత్రలు కల్పితం’ అని ముందు వేస్తున్నారు. ఆపించగలమా?

జవాబు: సీరియల్ మొత్తాన్ని ఆపించడం చాలా కష్టం. ఆ దాడి చరిత్ర. దానిపై కథ అల్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బహిరంగ రికార్డుల్లోని విషయాలు ప్రచురించవచ్చని హంతకుడు ఆటో శంకర్ ఆత్మకథ ప్రచురణపై వచ్చిన కేసులో 1994లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మీ నాన్నగారు డబ్బుకు ఆశపడ్డారన్న అబద్ధాన్ని మాత్రం మీరు సహించనక్కర్లేదు.

చనిపోయిన వ్యక్తిపై, బతికి ఉంటే పరువు పోయే నింద వేసి, కుటుంబం మనసు గాయపరిచే ఉద్దేశం ఉంటే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం అది నేరమే. చూసినవాళ్లు ‘ఇది ఫలానా ఆయనే’ అని గుర్తుపడితే, ‘కల్పితం’ అన్న ఒక్క మాట సీరియల్ తీసినవారిని కాపాడదు.

ఒక్క జాగ్రత్త. పోలీసులకు సమాచారం ఇచ్చాడనడమే అవమానమని వాదించకండి. నేరం గురించి చెప్పడం పౌరుడి బాధ్యత అంటుంది కోర్టు, అనాలి కూడా. ఆ ముద్ర వేసే మీ నాన్నగారి ప్రాణం తీశారు కాబట్టి ఆ మాటే మిమ్మల్ని ఎక్కువగా కాలుస్తుందని నాకు తెలుసు. కానీ చట్టం ముందు అసలు నింద వేరు: డబ్బు తీసుకుని నిర్దోషులను బలిపెట్టాడన్నది. దాన్నే పట్టుకోండి.

ఉద్దేశం నిరూపించడమే కష్టం. అందుకే ముందు చానల్‌కు ఆధారాలతో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 2021 కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం 15 రోజుల్లో వారు తేల్చాలి. తృప్తి కలగకపోతే చానళ్ల స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు చేయవచ్చు. నిజం తెలిశాక కూడా అదే ప్రసారం చేస్తే, తెలియక చేశామన్న వాదన బలహీనపడుతుంది.

అప్పటికీ మారకపోతే పోలీసు స్టేషన్‌కు కాదు, నేరుగా మెజిస్ట్రేటు కోర్టుకు వెళ్లాలి, గడువు మూడేళ్లు. ఆ ఎపిసోడ్ రికార్డింగును, ఎలక్ట్రానిక్ రికార్డులకు సాక్ష్య చట్టం కోరే ధ్రువపత్రంతో ఇప్పుడే భద్రపరచండి. తెలుగు సంభాషణలకు ఒడియా లేదా ఇంగ్లీషు అనువాదం జత చేయండి. ఆ పాత్రను చూసి మీ నాన్నగారిని గుర్తుపట్టిన ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు సాక్ష్యం చెప్పడానికి సిద్ధపడితే కేసు బలపడుతుంది.